బర్రె ఎవరి కోసం మేస్తుంది?

పిల్లలూ! ఈ నెల గోదావరిఖని నుంచి ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రెండు ప్రశ్నలు పంపింది. వాళ్ల నాన్నగారు బాయి పనికి పోతారట. (అక్కడివాళ్లు బొగ్గుగనిని బాయి అంటారు. నీళ్ల బావి అనుకునేరు!) కార్మికుల క్వార్టర్ల మధ్య చెట్ల నీడన బర్రెలు పడుకుని ఉంటాయట. "వాటి ఎదుట ఒక్క గడ్డిపోచ కూడా ఉండదు. అయినా గంటల తరబడి నములుతూనే ఉంటాయి. ఏం నములుతాయి?" అన్నది మొదటి ప్రశ్న.

రెండోది ఇంకా కష్టమైనది. "మొన్న మా వీధిలో పెళ్లి జరిగింది. మిగిలిన అన్నం పారబొయ్యటం ఎందుకని గంగాళంతో ఒక బర్రె ముందు పెట్టారు. అది ఆశగా అంతా తినేసింది. మర్నాడు సాయంత్రానికి చచ్చిపోయింది. ఆ అన్నంలో విషం లేదు, అదే అన్నం మేమందరం తిన్నాం. మరి బర్రె ఎందుకు చచ్చిపోయింది?"

మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తేగాని రెండో దానికి జవాబు దొరకదు. కాబట్టి వరసగానే చెప్పుకుందాం.

మచ్చికైన బర్రె నోరు పెద్దవాళ్లచేత తెరిపించి చూస్తే మీకు ఒక వింత కనిపిస్తుంది. కింది దవడకు ముందువైపు ఎనిమిది పళ్లుంటాయి. పై దవడకు ముందువైపు ఒక్క పన్నయినా ఉండదు! ముసలితనంచేత ఊడిపోయాయని జాలిపడకండి. అక్కడ పళ్లు మొలవనే మొలవవు. చిగురే గట్టిపడి పలకలాగా తయారై ఉంటుంది. బర్రె నాలుకతో గడ్డిని చుట్టి, కింది పళ్లకూ ఈ పలకకూ మధ్య నొక్కిపట్టి, తలతో ఒక్క గుంజు గుంజుతుంది. విసుర్రాళ్లలాంటి పళ్లు లోపల దవడల వెనక ఉన్నాయిగాని, మేసేటప్పుడు వాటికి అట్టే పని చెప్పదు. నాలుగు సార్లు నమిలీ నమలకుండానే మింగేస్తుంది.

ఎందుకంత తొందర? బర్రె, ఆవు, మేక, గొర్రె, జింక, దుప్పి, అడవిదున్న అన్నీ ఇంతే. అడవిలో మేసే జంతువు తలవంచి ఉన్నంతసేపూ దానికి ప్రాణభయమే. గబగబా నింపుకుని చాటుకు పోయి, అక్కడ తీరిగ్గా నమలటం క్షేమం. ఇప్పుడు గోదావరిఖని వీధుల్లో పులులు లేకపోయినా బర్రెకు ఆ పాత అలవాటు పోలేదు.

సరే, మింగిన గడ్డి ఏమయింది? గడ్డిలో హెచ్చు భాగం సెల్యులోజు అనే పీచు. మీ నోటుపుస్తకంలోని కాగితం ఈ సెల్యులోజే, మీ నూలు చొక్కా కూడా సెల్యులోజే. తమాషా ఏమిటంటే, అన్నంలో ఉన్న పిండిపదార్థమూ, గడ్డిలో ఉన్న ఈ పీచూ రెండూ ఒకే రకం పూసలతో గుచ్చిన దండలు. ఆ పూస పేరు గ్లూకోజు, అంటే ఒక రకం చక్కెర. పూసలు ఒకటేగాని వాటిని కలిపిన ముడి వేరు. పిండి ముడి సులువైనది. మన నోట్లో ఊరే లాలాజలమే దాన్ని విప్పటం మొదలుపెడుతుంది. అందుకే అన్నాన్ని బాగా నమిలితే కాస్త తియ్యగా ఉంటుంది. పీచు ముడి అట్లాంటిది కాదు. మనంగాని, కుక్కగాని, ఏనుగుగాని, పాలిచ్చి పిల్లలను పెంచే ఏ జంతువుగాని దాన్ని సొంతంగా విప్పలేదు. చివరకు రోజంతా గడ్డి తినే బర్రె కూడా విప్పలేదు!

మరి ఎవరు విప్పుతారు? కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాళ్లే లేకపోతే మొక్కల పీచు ఏమవుతుందో చూడాలంటే గోదావరిఖని వాళ్లు దూరం పోనక్కర్లేదు. అక్కడ భూమిలో ఉన్న బొగ్గు సుమారు 25 కోట్ల ఏళ్లకు పైబడిన మొక్కలు. అప్పటికి భూమి మీద గడ్డే పుట్టలేదు, బర్రెల సంగతి సరేసరి. ఆనాటి చెట్లు బురదనీళ్లలో పడిపోయి, గాలి తగలక, సూక్ష్మజీవులకు పూర్తిగా చిక్కకుండా మట్టి కింద అణిగి బొగ్గయినాయి. అంటే బొగ్గు అనేది ఎవరూ పూర్తిగా అరిగించుకోకుండా మిగిలిపోయిన మొక్క అన్నమాట.

బర్రె చేసిన ఉపాయం ఇది: ఆ సూక్ష్మజీవులకు తన పొట్టలోనే ఒక ఊరు కట్టించి ఇచ్చింది. బర్రె పొట్టలో నాలుగు గదులుంటాయి. అన్నిటికన్నా మొదటిదీ పెద్దదీ రూమెన్. దాన్ని మనం పెద్దపొట్ట అందాం. ఎడమవైపు డొక్కంతా అదే. పెద్ద పశువుకైతే అందులో వంద లీటర్లకు పైగా పడుతుంది. నాలుగైదు పెద్ద నీళ్లబిందెలను ఊహించుకోండి! గాలి చొరబడదు, చీకటి, తడి, ఎప్పుడూ 39 డిగ్రీల వెచ్చదనం, వేళకు మేత. సూక్ష్మజీవులకు ఇంతకన్నా ఏం కావాలి? పెద్దపొట్టలోని రసం ఒక మిల్లీలీటరు, అంటే సుమారు ఇరవై చుక్కలు తీస్తే, అందులో వెయ్యి కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. భూమి మీద ఉన్న మనుషులందరినీ కలిపినా అంతమంది లేరు!

బాక్టీరియాలతోబాటు వాటికన్నా పెద్దవైన, ఈదులాడే ఏకకణ జీవులు కూడా ఉంటాయి. వీటిని గ్రూబీ, డెలఫాన్ అనే ఇద్దరు 1843లోనే సూక్ష్మదర్శినిలో చూశారు. ఇవి కాక బూజు జాతివి కొన్ని ఉన్నాయి. ఈదే వాటిలో కొన్నిటిని చాలాకాలం ఏకకణ జీవులనే అనుకున్నారు. అవి నిజానికి బూజుజాతి జీవుల విత్తనాలని 1975లో ఆర్పిన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చెబితే శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. ఎందుకంటే, గాలి లేనిచోట బతికే బూజు ఉంటుందని అంతవరకూ ఎవరూ నమ్మలేదు. ఇవి గడ్డిపోచలోకి వేళ్లు దించి దాన్ని చీలుస్తాయి. ఆ చీలికల్లో బాక్టీరియాలు దూరి ముడులు విప్పుతాయి.

అయితే ఈ ఊరివాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పొడుగు గడ్డిపోచ వాళ్లకు తాటిమానంత. దాన్ని నలిపి ముక్కలు చేసి ఇవ్వాలి. అందుకే బర్రె పడుకున్న తరవాత, మింగిన గడ్డిని ముద్దలు ముద్దలుగా మళ్లీ నోట్లోకి తెచ్చుకుంటుంది. అదే నెమరు! బర్రె మెడ కిందివైపు కనిపెట్టి చూడండి. ఒక ఉండ కిందినుంచి పైకి పాకుతుంది. దాన్ని బర్రె నలభై, యాభై, ఒక్కోసారి అరవైసార్లు నములుతుంది. తరవాత గుటుక్కున మింగి, క్షణం ఆగి, ఇంకొక ఉండ తెస్తుంది. మీరు లెక్కపెట్టి మీ నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఇదే పని, అందులోనూ రాత్రివేళ ఎక్కువ. గోదావరిఖని పిల్లలకు ఇంకో విధంగా చెబుతాను: బర్రె మొదటి షిఫ్టులో తట్టలకొద్దీ నింపుకుని, నైట్ షిఫ్టులో నూరుతుంది.

నమిలినంతసేపూ లాలాజలం ఊరుతూనే ఉంటుంది. పెద్ద ఆవుకు రోజుకు వంద లీటర్లకు పైగా ఊరుతుందంటే నమ్ముతారా? అది ఉత్త నీరు కాదు. మన వంటింట్లో బజ్జీల పిండిలో వేసే తినేసోడా ఉంది చూశారూ, అటువంటి ఉప్పు దానిలో ఉంటుంది. ఈ సోడా సంగతి గుర్తుంచుకోండి, రెండో ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ఊరివాళ్లు పీచు ముడులు విప్పి చక్కెర తీసుకుంటారు. బర్రెకు ఇవ్వరు, తామే తినేస్తారు! వాళ్లు తిని వదిలేది కొన్ని పుల్లని ఆమ్లాలు. వాటిలో ముఖ్యమైనది వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. బర్రె ఆ ఆమ్లాలను పెద్దపొట్ట గోడల్లోంచి రక్తంలోకి పీల్చుకుంటుంది. దాని బలంలో హెచ్చు భాగం అక్కడినుంచి వచ్చేదే. మీరు తాగే పాలలోని వెన్నలో కొంత ఆ వెనిగర్ ఆమ్లంతోనే తయారవుతుంది. పాలు పుల్లగా లేవేమని అడక్కండి. పొదుగు చేసే మార్పు వేరే పెద్ద కథ.

ఆమ్లాలతోబాటు వాయువులు కూడా పుడతాయి. వాటిలో ఒకటి మీథేను. ఈ పేరు బాయి పనివాళ్ల పిల్లలు ఇంట్లో విని ఉంటారు. బొగ్గుపొరల్లో చిక్కుకుని ఉండే వాయువు ఇదే. గాలిలో ఇది నూటికి 5 నుంచి 15 పాళ్లు చేరితే ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలిపోతుంది. అందుకే గనిలో దాన్ని పదే పదే కొలుస్తారు. నూటికి ఒకటింపావు పాలు కనబడితే చాలు, కరెంటు ఆపి మనుషులను బయటికి పంపించాలని నియమం. ఇదివరకు దాన్ని కనిపెట్టటానికి వాడిన భద్రతా దీపాన్ని హంఫ్రీ డేవీ 1815లో తయారుచేశాడు. భూమి లోపల అంత జాగ్రత్తగా కొలిచే వాయువును, భూమి పైన చెట్టు కింద బర్రె తాపీగా త్రేనుస్తూ ఉంటుంది! పెద్ద ఆవు రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేను వదులుతుందని కొలిచినవాళ్లు చెబుతారు. అది వెనకనుంచి వస్తుందని చాలామంది నవ్వుతారుగాని నిజానికి నూటికి తొంభై పాళ్లకు పైగా నోటినుంచే వస్తుంది. త్రేన్పు ఆగిపోతే పొట్ట ఉబ్బి ఊపిరాడక పశువు చచ్చిపోగలదు కూడా. ఈ వాయువు ఆకాశంలో చేరి భూమిని వేడెక్కిస్తున్నది గనక దాన్ని తగ్గించే మేతల కోసం ఇప్పుడు అనేక దేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇక మిగిలిన మూడు గదులు. రెండోది, రెటిక్యులం, లోపల తేనెపట్టులాగా గళ్లు గళ్లుగా ఉంటుంది. పెద్దపొట్టకూ దానికీ మధ్య పూర్తి అడ్డుగోడ లేదు. మూడోది, ఒమేసం, పుస్తకంలో పేజీల్లాగా మడతలు మడతలుగా ఉండి నీరు పిండేస్తుంది. మూడో గదికి పోయే దారి జల్లెడలాంటిది, బాగా నలిగినదాన్నే పోనిస్తుంది. నలగనిది వెనకే ఉండిపోయి మళ్లీ నెమరుకు రావలసిందే. నాలుగోది అబొమేసం, అదే అసలు పొట్ట. మన పొట్టలాగా జీర్ణరసాలు ఊరేది అక్కడే.

నాలుగో గదిలో అరిగేది ఏమిటో తెలుసా? నలిగిన గడ్డితోబాటు కొట్టుకొచ్చిన ఊరివాళ్లే! కోట్లకొద్దీ సూక్ష్మజీవులు అక్కడ బర్రెకు మాంసకృత్తులుగా ఉపయోగపడతాయి. ఇల్లు ఇచ్చి, మేత పెట్టి, చివరకు అద్దెకున్నవాళ్లనే తినేస్తుంది. గడ్డి తప్ప ముట్టని సాధుజంతువు అంటాంగాని, ఈ లెక్కన బర్రె శాకాహారం అంత పక్కాది కాదు!

ఆ ఊరివాళ్లు మాంసకృత్తులు తయారుచెయ్యటానికి నత్రజని కావాలి. అది గడ్డిలో తక్కువ, ఎండిన వరిగడ్డిలో మరీ తక్కువ. బర్రె ఏం చేస్తుందంటే, మూత్రంలో పోవలసిన యూరియాలో కొంత వెనక్కు తీసి, లాలాజలం ద్వారా మళ్లీ పెద్దపొట్టకు పంపుతుంది. అవును, పొలాల్లో చల్లే యూరియానే! గోదావరిఖనికి పక్కనే రామగుండంలో దాన్ని చేసే కర్మాగారం ఉంది. మొదట అక్కడ బొగ్గుతో యూరియా చేసేవారు. అది 1999లో మూతపడింది. కొత్త కర్మాగారం 2021లో సహజవాయువుతో పని మొదలుపెట్టింది. ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్టనెన్ 1960లలో కొన్ని ఆవులకు మేతలో మాంసకృత్తులనేవే లేకుండా, వాటి బదులు యూరియా వంటివి మాత్రమే ఇచ్చి పాలు పితికి చూపించాడు. మన రైతులకు పశువైద్యులు చెప్పే పద్ధతి ఒకటుంది: నూరు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి తగలకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. గడ్డి మెత్తబడి బలం పెరుగుతుంది. కాని యూరియా నీళ్లను పశువు నేరుగా తాగితే చచ్చిపోతుంది. అందుచేత ఇది పెద్దవాళ్లు డాక్టరును అడిగి చెయ్యవలసిన పనేగాని పిల్లలు చేసి చూసేది కాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి రెండో ప్రశ్నకు వద్దాం. బర్రె మేసేది తనకోసం కాదు, ముందు ఆ ఊరికోసం. ఆ ఊరికి అలవాటైనది గట్టి ముడి, అంటే గడ్డి. ముడి మెల్లగా విడిపోతుంది, ఆమ్లం మెల్లగా పుడుతుంది. లాలాజలంలోని సోడా దాని పులుపును ఎప్పటికప్పుడు చంపుతూ ఉంటుంది. గంగాళం అన్నం ఒక్కసారి పడేసరికి ఏమయింది? అన్నానిది సులువు ముడి, పైగా ఉడికింది. పిండి తినే కొన్ని రకాల బాక్టీరియాలకు పండగ వచ్చింది. అవి గంటగంటకూ పెచ్చుపెరిగి లాక్టిక్ ఆమ్లం పుట్టించాయి. పాలను పెరుగు చేసే ఆమ్లం ఇదే, కాని ఇంత పెద్దపొట్టను ముంచేంత పుడితే వేరే సంగతి. అది వెనిగర్ ఆమ్లం కన్నా ఎన్నో రెట్లు గట్టిది. సోడా చాలలేదు. ఎందుకు చాలలేదు? అన్నానికి నెమరు అక్కర్లేదు. నెమరు లేకపోతే నమలటం లేదు, నమలటం లేకపోతే లాలాజలం లేదు. సరిగ్గా కావలసినప్పుడే సోడా ఆగిపోయింది!

పులుపుకు పీచు విప్పే బాక్టీరియాలు చచ్చాయి. పెద్దపొట్ట కదలటం మానేసింది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే వాటిలోని నీరు బయటికి ఊరినట్టే, ఒంట్లోని నీరంతా పెద్దపొట్టలోకి ఊరింది. రక్తం చిక్కబడింది, ఆమ్లం రక్తంలో చేరింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవటానికి ఇది చాలు. పెట్టినవాళ్లు ప్రేమతోనే పెట్టారు, అది నిజం. బర్రెకు పెడుతున్నామనుకున్నారు, లోపల ఒక ఊరు ఉన్నదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మిగిలిన అన్నం, బియ్యం, పిండివంటలు, చద్ది రొట్టెలు ఒక్కసారిగా పశువు ముందు పొయ్యకూడదు. ఒక పిడికెడు గడ్డిలో కలిపి పెడితే ఫరవాలేదు. దాణా మార్చాలన్నా రెండు మూడు వారాలు కొంచెం కొంచెంగా మార్చాలి, కొత్త మేతకు తగ్గట్టు ఊరి జనాభా మారటానికి అంతకాలం పడుతుంది. ఒకవేళ పశువు తినేసిందని తెలిస్తే "చూద్దాం, రేపటికి తగ్గుతుందిలే" అనుకుని కూచోవద్దు. మేత మానటం, నెమరు ఆగటం, ఎడమ డొక్క ఉబ్బటం, పుల్లని వాసనతో పలచగా పారుకోవటం దీని గుర్తులు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. పశువుల కోసం 1962 అనే ఫోను నంబరు కూడా ఉంది. డాక్టరు సోడావంటి మందులు ఇస్తాడు, ఒంట్లో నీరు ఎక్కిస్తాడు. అవసరమైతే పొట్ట కోసి అన్నం బయటికి తీస్తాడు. ఒక్కొక్కప్పుడు ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్దపొట్ట రసం తెచ్చి దీనిలో పోస్తాడు. పాడైన ఊరిలో కొత్తవాళ్లను కాపురం పెట్టటమన్నమాట!

ఆ అమ్మాయి అడగకపోయినా ఇంకొక సంగతి చెప్పాలి. కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేస్తాం. బర్రెకు సంచి విప్పటానికి చేతులు లేవు, నాలుకతో చుట్టి సంచితోనే మింగుతుంది. ప్లాస్టిక్ ముడి ఆ ఊరివాళ్లకు విడిపోదు. ఎంత నెమరు వేసినా నలగదు గనక మూడో గది జల్లెడ దాటదు. వెనక్కూ రాదు, ముందుకూ పోదు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే సంస్థవాళ్లు వీధి ఆవులకు ఆపరేషను చేయిస్తే ఒక్కొక్క ఆవు పొట్టలో పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. దాన్ని పట్టుకుని వాళ్లు, మరికొందరు కలిసి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచటి ప్లాస్టిక్ సంచులు దేశమంతటా నిషిద్ధం. సంచి ఎంత మందమైనా బర్రె పొట్టకు మాత్రం ఒకటే. తొక్కలను విడిగా, బుట్టలోనే ఉంచి పశువుకు వెయ్యవచ్చు.

మేకులూ తీగముక్కలూ మింగితే అవి బరువుకు రెండో గదిలో పడతాయి. దానికి సరిగ్గా ముందే గుండె ఉంది. గది ముడుచుకున్నప్పుడల్లా మేకు గుండె వైపు గుచ్చుకుంటుంది. అందుకని కొన్ని దేశాల్లో రైతులు ఆవుచేత వేలెడంత అయస్కాంతం మింగిస్తారు. అది ఆ గదిలోనే జీవితమంతా ఉండి ఇనప ముక్కలను తనకు అంటించుకుంటుంది.

ఇంతకీ గుర్రం కూడా గడ్డే తింటుంది, కాని అది నెమరు వెయ్యదు. దానికి నాలుగు గదులూ లేవు. మరి దాని ఊరు ఎక్కడుంది? మీరు ఊహించి రాయండి. వచ్చే నెల చెబుతాను.